కాలిపోవలసిన బొమ్మ

వలెన్సియా, కబన్యాల్ పేట
14 నవంబరు 1971

అక్కా,

పది నెలల తర్వాత రాస్తున్నాను కాబట్టి ముందు క్షేమ సమాచారాలు. నేను బాగానే ఉన్నాను. నడుం నొప్పి ఎప్పటిలాగే ఉంది. వర్క్‌షాపు పైకప్పు వానొస్తే రెండుచోట్ల కారుతోంది. నువ్వున్నప్పుడు మూడుచోట్ల కారేది, ఒకటి నేనే బాగుచేశాను. మీ ఆయన కులాసాగా ఉన్నాడని ఎదురింటి కొంచా చెప్పింది. నువ్వు కొంచాకి నెలనెలా ఉత్తరాలు రాస్తావనీ, సొంత తమ్ముడికి రాయవనీ పేటంతా తెలుసు.

సరే, నేను రాయడానికి కారణం పని. మార్చి పండక్కి మన వలల వీధి మధ్యలో నిలబెట్టి కాల్చే బొమ్మల కొలువు, మన ఫాల్యా, కట్టే పని సంఘం వాళ్లు ఈసారీ నాకే ఇచ్చారు. అధ్యక్షుడు పాస్కువాల్ చేపల వేలంలో అరిచినట్టు అరుస్తూ, "గాస్పార్, ఈసారి బహుమతి రాలేదంటే బొమ్మలతోపాటు నిన్నూ కట్టెలమీద కూర్చోబెట్టి అంటిస్తాం" అన్నాడు. మొత్తం పద్దెనిమిది బొమ్మలు. ప్రభుత్వంలో పెద్దవాళ్లని ఎగతాళి చేస్తే సెన్సారు ఆఫీసులో ఎర్రసిరా పడుతుంది కాబట్టి ఎప్పటిలాగే మన ప్రతాపమంతా ఇరుగుపొరుగు మీదే.

ఒక బొమ్మ దగ్గర ఆగిపోయాను. వయసు మళ్లిన ఆడమనిషి. చిల్లర కొట్టు మూసేసి వెళ్లిపోతూ ఉంటుంది. ఆవిడ చెంపలు కుదరడం లేదు. రంగు వేస్తే అంగట్లో బొమ్మలా ఉంది, వేయకపోతే శవంలా ఉంది. ముప్ఫయ్యేళ్లు నేను చెక్క కొట్టాను, అట్ట అతికించాను, ముఖాలు మాత్రం నువ్వే వేశావు. నువ్వెళ్లాక పనికి ఇద్దరు వచ్చారు. ఇద్దరికీ గులాబీరంగు తప్ప ఇంకో రంగు ఉందని తెలియదు.

ఇంకో సంగతి. ఏటా జనం ఓట్లేసి ఒక్క బొమ్మని మంటలోంచి తప్పిస్తారు కదా, అలా మిగిలిన వాటికి ఇప్పుడు విడిగా మ్యూజియం పెట్టారు. ఆదివారం వెళ్లాను. నాతోపాటు పని నేర్చుకున్నవాళ్లవి మూడు బొమ్మలున్నాయి అక్కడ. మనది ఒక్కటీ లేదు. మనం చేసినవన్నీ సెయింట్ జోసెఫ్ రాత్రి కాలి బూడిదైనవే. నాకు యాభై నాలుగొచ్చాయి. ఆ గోడమీద నా పేరున్న చీటీ ఒక్కటి చూసుకుని పోవాలని ఉంది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, నీకే చెబుతున్నాను.

చెంపల సంగతి రాయి.

గాస్పార్

*

మావో, మెనోర్కా ద్వీపం
2 డిసెంబరు 1971

తమ్ముడూ,

"మీ ఆయన" అని రాశావు. ఆయనకో పేరుంది, బియెల్. నీకు బావ అవుతాడు. రెండక్షరాల మాట, నోరు తిరగనిదేం కాదు. పెళ్లికి రాలేదు సరే, ఉత్తరంలోనైనా పిలవచ్చు.

జనవరిలో, పండగ పని నెత్తిమీద ఉండగా నిన్ను వదిలేసి పోయానని నీ కోపం. ఓడ కంపెనీ ఆయనకి పింఛను ఇచ్చింది జనవరిలో. మార్చి దాకా ఆగమని కంపెనీని అడగాలా? పన్నెండేళ్లపాటు ఆయన ఓడ వారానికోసారి మన రేవుకొచ్చింది. పన్నెండేళ్లూ "ఈ పండగ కానీ" అంటూనే వచ్చాను. ఇంక పండగలు అయిపోయాయి అనుకున్నాను, అంతే. ఆయన ఇప్పుడు టమాటాలు పెంచుతూ, నిమ్మరసంలో జిన్ను కలుపుకు తాగుతూ, నేను వండిన అన్నంలో లోపాలు వెతుకుతూ హాయిగా ఉన్నాడు.

ఇక చెంపలు. గులాబీ డబ్బా మూతపెట్టి అటకమీద పడెయ్యి. ముందు ఆకుపచ్చ మట్టిరంగు చాలా పల్చగా కొట్టు. చూడ్డానికి భయంగా ఉంటుంది, కంగారుపడకు. అది ఆరాక దానిమీద గోపీచందనం రంగు వెయ్యి. ఎరుపు కుంచెతో కాదు, వేలితో అద్దాలి, అదీ చెంప ఎముక మీద మాత్రమే. ముడతలకి నలుపు వాడావంటే ఓడెక్కి వచ్చి చేతులు విరగ్గొడతాను. ముడతంటే గీత కాదు, రంగు అందని చోటు. అక్కడ ఏమీ వేయకుండా వదిలెయ్యాలి. నువ్వు ఏదీ వదిలెయ్యలేవు, అదే నీతో ఇబ్బంది.

ఇంతకీ ఆవిడ ఎవరు? ఎక్కడికి పోతోంది, ఎటు చూస్తోంది? అది తెలియకుండా కళ్లు వేయడం నావల్ల కాదు, నీవల్లా కాదు.

అక్క ఫీనా

*

వలెన్సియా
9 జనవరి 1972

అక్కా,

చెంపలు కుదిరాయి. ఆకుపచ్చ వేసిన రోజు పాస్కువాల్ వచ్చి చూసి, "ఇదేంటి, సముద్రంలో మునిగి తేలిందా ఈవిడ?" అన్నాడు. నాలుగు రోజుల తర్వాత వచ్చి నోరు తెరిచి నిలబడిపోయాడు. తర్వాత పడీపడీ నవ్వాడు. ఎందుకు నవ్వాడో అడక్కు, వాడు అన్నిటికీ నవ్వుతాడు.

ఆవిడ పేరంటూ ఏమీ లేదు. ముప్ఫయ్యేళ్లు నడిపిన కొట్టు ఒక పొద్దున మూసేసి, ఒక్కరికీ చెప్పకుండా, చేతిపెట్టె పట్టుకుని ట్రామ్ కోసం పరిగెడుతోంది. జనం నవ్వాలి. ఆ పరుగు చూస్తేనే నవ్వొస్తుంది, పెట్టె చూసినా వస్తుంది. కళ్లే చచ్చిపోయినట్టున్నాయి. మూడుసార్లు గీకేశాను.

అలా వెళ్లిపోయే మనిషి కళ్లు ఎలా ఉంటాయి? సంతోషంగా ఉంటాయా, సిగ్గుగా ఉంటాయా? వెనకున్నవాళ్లు ఏమైపోతారోనన్న ఆలోచన కాస్తయినా ఉంటుందా? కొట్టు సంగతే అడుగుతున్నాను.

గాస్పార్

*

మావో
24 జనవరి 1972

తమ్ముడూ గాస్పార్,

ఇక్కడ సెయింట్ ఆంథనీ పండగ అయింది. గుర్రాలు, కుక్కలు, ఒకావిడ పెంచిన కోడి, అన్నిటినీ చర్చి ముందు నిలబెట్టి దీవించారు. బియెల్ తన టమాటా మొక్కని కుండతో సహా తీసుకెళ్తానన్నాడు. "జంతువులకేనండీ" అని నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

నువ్వడిగేది కొట్టు సంగతి కాదని నాకు తెలుసు. బొమ్మ వంకపెట్టి నన్నడుగుతున్నావు. అడిగావు కాబట్టి చెబుతాను, ఇంకెప్పుడూ అడక్కు.

ఆ పొద్దున నేను వర్క్‌షాపు తలుపు దగ్గర పావుగంట నిలబడ్డాను. నువ్వు లోపల రాక్షసుడి కాలికి కాగితం అతికిస్తూ, వీపు నావైపు పెట్టి ఈల వేస్తున్నావు. పిలిస్తే ఆగిపోతానని తెలుసు, అందుకే పిలవలేదు. నేను ఏడ్చి ఉంటానని కొంచా అందరితో చెప్పిందట. ఏడవలేదు. నాకు ఒట్టి సంతోషం. యాభై ఏడేళ్లొచ్చాక మొట్టమొదటిసారి ఒక మనిషి నాకోసమే రేవులో నిలబడి ఉన్నాడు. అంత సంతోషపడుతున్నందుకు సిగ్గు కూడా వేసింది. నీ గురించి ఆలోచించానా అంటే, బస్సులో ఆలోచించాను. అమ్మ పోయినప్పుడు నీకు ఏడేళ్లు, అది గుర్తొచ్చింది. రేవు కనబడగానే నిన్ను మర్చిపోయాను. ఇది ఆయనకి కూడా చెప్పలేదు.

కాబట్టి కళ్లకి ఏడుపు వద్దు, నవ్వూ వద్దు. చూపు దూరాన ఒకేదానిమీద ఉండాలి, ట్రామ్ మీద కాదు, ట్రామ్ వెళ్లేచోటు మీద. కింది రెప్ప అంచున సన్నగా ఎరుపు వెయ్యి, రాత్రి నిద్ర లేదు కదా. తెల్లచుక్కలు అన్నిటికన్నా చివర, ఊపిరి బిగబట్టి, రెండూ ఒక్క దమ్ములో పెట్టెయ్యి. పెట్టాక మళ్లీ ముట్టుకోకు.

ఫీనా

*

వలెన్సియా
19 ఫిబ్రవరి 1972

అక్కా,

కళ్లు వచ్చాయి. చాలా బాగా వచ్చాయి. నేను చెప్పకూడదు గానీ, ఇంత బాగా నేనెప్పుడూ చేయలేదు.

ఓట్ల ప్రదర్శన మొదలైంది, ఎప్పటిలాగే కొన్న టిక్కెట్టే ఓటు. పట్టు వర్తకుల పాత లోంజా భవనంలోనే, ఆ మెలితిరిగిన రాతిస్తంభాల మధ్య, ఒక్కో వీధి సంఘం నుంచి ఒక్కో బొమ్మ. మన సంఘం దీన్నే పంపింది. నేను వేరే బొమ్మ పంపుదామన్నాను, రాక్షసుడి పెళ్లాం బావుందన్నాను. పాస్కువాల్ వింటేగా! ఆదివారాలు క్యూ బజారు దాకా ఉంటోంది. దీనిముందు జనం ఆగిపోతున్నారని కాపలా ఆయన చెప్పాడు.

ఈసారి పండక్కి నువ్వు రావాలనుకుంటున్నావేమో, రావద్దు. పేటలో గదులన్నీ నిండిపోయాయి. మా ఇంట్లో పైకప్పు కారుతోంది. నీకు ఓడ పడదు కూడా. మేలో రా, మేలో బావుంటుంది.

కొంచా నీకేమైనా పంపిందా ఈమధ్య? ఊరికే అడుగుతున్నాను.

గాస్పార్

*

వలెన్సియా
6 మార్చి 1972

అక్కా,

జవాబు రాలేదు. నిన్న కొంచా ఒప్పుకుంది, పత్రికలో పడ్డ ఫోటో కత్తిరించి నీకు పంపిందట. "బాగా పడింది గదా, మురిసిపోతుందనుకున్నా!" అంటుంది.

ఇంక దాచి లాభం లేదు. ఆ బొమ్మ నువ్వే.

చిల్లర కొట్టు లేదు, ట్రామ్ లేదు. రేవు ఉంది. నెత్తిన పెళ్లి ముసుగు, ఒక చేతిలో పెట్టె, ఇంకో చేతిలో రంగు కారుతున్న కుంచెలు. ఓడ వెనకాల పరిగెడుతూ ఉంటావు. కింద పలకమీద రెండు పాదాలు నేనే కట్టాను:

యాభై ఏడేళ్లకి పెళ్లి మోజు,
ఓడెక్కి పోయింది పండగ రోజు.

నువ్వు వెళ్లిన ఏడు పండగ అవగానే గీశాను. ముఖాలు లేని పదహారు బొమ్మలు, ఎనిమిది వారాల గడువు, నేనొక్కణ్ణి. ఆ పండగలో మన ఫాల్యా చూసి జనం జాలిపడ్డారు. నవ్వినా బావుండేది. ఆ కోపంలో గీశాను. తప్పేముంది అనుకున్నాను. మన ఊళ్లో కోపమొస్తే చేసే పని అదే కదా. పక్కింటివాణ్ణి బొమ్మ చేస్తాం, నాలుగు రోజులు వీధిలో నిలబెట్టి నవ్వుతాం, పందొమ్మిదో తేదీ రాత్రి కాల్చేస్తాం, ఇరవయ్యో తేదీన వాడితో కలిసి కాఫీ తాగుతాం. పాస్కువాల్‌ని నేను రెండుసార్లు కాల్చాను. వాడికి నామీద కోపమేమైనా ఉందా?

ముఖం కుదరలేదు కాబట్టి నీకే రాశాను. నీకు అబద్ధం చెప్పి నీ ముఖం నీచేతే వేయించుకున్నాను. నువ్వు నమ్మి ఆ తలుపు దగ్గర నిలబడ్డ సంగతి రాశావు. అది చదివిన రోజు నేను బొమ్మని పగలగొట్టేయాల్సింది. పగలగొట్టలేదు. కళ్లు వేశాను.

కాలిపోతుందిలే అనుకుని చేశానక్కా. ఓట్లు పడతాయనుకోలేదు. గెలిచిందంటే కాలదు. నువ్వు పెట్టె పట్టుకుని ఓడ వెనక పరిగెడుతూ ఆ మ్యూజియంలో ఎప్పటికీ ఉండిపోతావు. బడిపిల్లల్ని తీసుకొచ్చి చూపిస్తారు. నేను చచ్చాక కూడా నవ్వుతారు.

ఓటింగు పదమూడో తేదీ సాయంత్రం దాకా. లెక్క మర్నాడు. లెక్కకి ముందే నేను దాన్ని వెనక్కి తెచ్చేసుకోవచ్చు. నువ్వు ఎలా అంటే అలా చేస్తాను. పదమూడు మధ్యాహ్నం లోపు నీనుంచి టెలిగ్రామైనా రాకపోతే, వద్దనే అర్థమనుకుని తెచ్చేస్తాను.

ఒక్క మాట రాయి. తిట్టినా సరే.

గాస్పార్

*

పాల్మా రేవు
13 మార్చి 1972

గాస్పార్,

ఉత్తరపు గాలి వీస్తోందని మావో ఓడ కదలడం లేదు. మొన్నటి నుంచి రేవు కాఫీ కొట్టులో కూర్చున్నాను. ఈ కాగితం కొట్టువాడిని అడిగి తీసుకున్నాను. నువ్వు ఈమధ్య ఏమైనా రాశావేమో నాకు తెలియదు. ఇల్లు వదిలి వారమైంది.

మీ ఊరొచ్చాను. మన ఊరే అనుకో. కొంచా పంపిన ఫోటో చూశాను. అందులో ముసుగు కనబడుతోంది, పెట్టె కనబడుతోంది, ముఖం మసగ్గా ఉంది. బియెల్ చూసి, "ఇది నువ్వే కదూ?" అన్నాడు. నేను కాదన్నాను. మర్నాడు పెట్టె సర్దుకున్నాను. నీ ఇంటికి రాలేదు. పెళ్లికి రానివాడి తలుపు నేను తట్టడమేమిటి? స్టేషను దగ్గర సిస్టర్ల సత్రంలో దిగాను.

శుక్రవారం పొద్దున టిక్కెట్టు కొనుక్కుని లోంజాలోకి వెళ్లాను. క్యూలో నా ముందున్న ఇద్దరు ఆడవాళ్లు పత్రికలో చూశారట, "ఆ పిచ్చి పెళ్లికూతురు ఏ మూలనుందో?" అంటూ వెతుకుతున్నారు. నేనూ వాళ్ల వెనకే వెతికాను. చూశాను. ముందు పలక చదివాను. పండగ రోజు కాదు రా, నేను ఓడెక్కింది జనవరి పదకొండు. ప్రాస కోసం ఏమైనా రాసేస్తావు. తర్వాత కుంచెలు చూశాను, రంగు కారుతున్నాయి. నేను కుంచెలు కడక్కుండా ఒక్కరోజైనా వదిలానా? నలుగురికీ వినపడేలా నిన్ను తిట్టి బయటికొచ్చేశాను. ఎవరూ పట్టించుకోలేదు, పండగ రోజుల్లో అందరూ అరుస్తూనే ఉంటారు.

లోంజా మెట్లమీద గంట కూర్చున్నాను. ఆకలేసింది. ఎదురుగా బజారులోకెళ్లి కాల్చిన ఎర్రమిరపకాయ, ఉప్పుచేప పెట్టిన రొట్టె తిన్నాను. ఓడ సాయంత్రానికి గానీ లేదు. ఏం చేయను? పింగాణీ మ్యూజియానికి వెళ్లాను. అక్కడ నీలం పలకల వంటిల్లు ఉంది చూడు, అలాంటిదే చూపించడానికి అమ్మ ఒకసారి దొరల మేడకి తీసుకెళ్లింది మనల్ని, నువ్వు పొయ్యిలో దూరి కాపలావాడిచేత తిట్లు తిన్నావు. అచ్చం అలాంటి వంటిల్లు. నలభై ఏడేళ్ల తర్వాత మళ్లీ చూశాను. ఆ ఊళ్లో అన్నేళ్లు ఉండి, ఏటా చలికాలమంతా ముఖాలు వేసి, ఎండాకాలమంతా నిద్రపోయాను, ఒక్క మ్యూజియం మెట్టెక్కలేదు. ఈసారి దొరసానిలా టిక్కెట్లు చింపించుకుని తిరిగాను. రెండింటికి టౌన్‌హాల్ దగ్గర టపాసుల మోత. నేల అదురుతుంటే జనమంతా నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. చాలా బావుంది, అబద్ధమెందుకు. అది అయ్యేసరికి సగం కోపం మోతలో కొట్టుకుపోయింది. మిగతా సగం ఉంది.

ఇంకో టిక్కెట్టు కొన్నాను. ఈసారి పలక చదవలేదు, ముసుగు చూడలేదు. పనివాళ్లం చూసినట్టు దగ్గరికెళ్లి ముఖం చూశాను.

ఆకుపచ్చ బాగా వేశావు. ముడతలు వదిలేశావు. నీకు వదిలెయ్యడం ఎప్పుడొచ్చింది? కళ్ల సంగతి రాయాలంటే నాకు కష్టంగా ఉంది. అద్దంలో నేనెప్పుడూ అలా లేను. ఆ పొద్దున మాత్రం అలాగే ఉండి ఉంటాను. నువ్వు వీపు నావైపు పెట్టుకుని ఉన్నావు, చూడలేదు, అయినా వేశావు. నా పక్కన యాభై ఏళ్ల ఒకావిడ నిలబడి ఉంది. చేతిలో కూరల సంచి. చుట్టూ అందరూ నవ్వుతుంటే ఆవిడ నవ్వలేదు. చాలాసేపు చూసి, "పోనీలే, వెళ్లింది" అని తనలో తను అనుకుని, టిక్కెట్టు దానికే వేసి వెళ్లిపోయింది.

నేనూ వేశాను. రెండో టిక్కెట్టు నీ బొమ్మకే. కోపం తగ్గి కాదు. నేను నీ ఒక్కడికే రాసిన మాట నువ్వు ఊరందరికీ చూపించావు, దానికి నిన్ను వదలను. కానీ ఆ హాలులో ఉన్న వందలాది ముఖాల్లో అదే ఒక్క ముఖం. ఎన్ని వేల ముఖాలు వేశానో, ఇంకొకళ్లదానికి ఓటేస్తే నా చెయ్యి నన్ను క్షమించదు.

గెలుస్తుంది. గెలిచాక రెండు పనులు చెయ్యి. పలక మార్చు, ప్రాస పోతే పోనీ, తేదీ సరిగ్గా వెయ్యి. మ్యూజియం చీటీమీద నీ పేరు కింద నా పేరు ఉండాలి. ముఖం నాదని కాదు, ముఖం వేసిన పద్ధతి నాదని. ఏటా ఒకసారి ఓడెక్కి వచ్చి చూసుకుంటాను. అంత సంతోషంగా ఉన్నప్పటి నన్ను చూసుకోవడానికి నాకింకెక్కడా ఏమీ లేదు. పెళ్లిరోజు ఫోటోలో కళ్లు మూసుకున్నాను.

గాలి కాస్త తగ్గినట్టుంది. ఇది ఇక్కడే పోస్టు చేస్తాను.

ఫీనా

*

వలెన్సియా
20 మార్చి 1972, పొద్దున

అక్కా,

నిన్న నీకు ఎవరి పేరు పెట్టారో ఆ సెయింట్ పండగ, నీ పేరు రోజు. సెయింట్ జోసెఫ్ దీవెనలు ఒక రోజు ఆలస్యంగా.

పదమూడు మధ్యాహ్నం దాకా చూశాను. నీనుంచి ఏమీ రాలేదు. అర్థమైంది. తోపుడుబండి తీసుకుని లోంజాకి వెళ్లాను. కాపలా ఆయన, "ఏం సార్, తలుపులు మూయడానికి ఇంక మూడు గంటలేగా, ఎవరైనా ఇప్పుడు తీసుకుపోతారా?" అన్నాడు. సంతకానికి పాస్కువాల్ రావలసివచ్చింది. వాడు వచ్చి అరిచిన అరుపుకి బజారులో చేపలమ్మేవాళ్లు తొంగిచూశారు.

"బుర్రుందా నీకు? గెలిచేదాన్ని ఎత్తుకుపోతావా?"

"మా అక్క ముఖం రా అది."

"మీ అక్క ముఖమని పేటకంతా తెలుసు! తెలిసే గదా నవ్వాం! ఇప్పుడు తెలిసిందా నీకు?"

"ఇప్పుడే తెలిసింది" అన్నాను. వాడు కలం లాక్కుని సంతకం పెట్టాడు. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. సంఘం వాళ్లు ముందే షాంపేన్ సీసాలు తెప్పించుకున్నారు, అవి వెనక్కి పంపారు.

గాలం వేసే తాత బొమ్మ గెలిచింది. రుసాఫా పేట వాళ్లది. మంచి పని, వంక పెట్టడానికేం లేదు.

నాలుగు రోజులు మనది ఫాల్యాలో నిలబడింది, వీధి మధ్యలో, ఓడ వెనకాల. ముఖానికి ముసుగు దించేశాను, ఎవరికీ కనబడకుండా. నిన్న అర్ధరాత్రి అంటించారు. ముందు ఓడ కాలింది, తర్వాత పెట్టె. ముసుగు కాలాక ముఖం బయటపడింది. వార్నిష్ మంచిది వేశానేమో, ముఖం తొందరగా అంటుకోలేదు. ఇంత దూరం నుంచి నన్ను దాటి ఎక్కడికో చూస్తూనే ఉంది. నీకు అబద్ధం చెప్పను, నాకు దుఃఖం ఆగలేదు. కొంచా ఏడ్చింది. పాస్కువాల్ కూడా ఏడ్చాడు, కానీ వాడు ఏటా ఏడుస్తాడు.

ఇప్పుడు లేదు అది. ఇంకెవరూ నవ్వరు. నువ్వు నిశ్చింతగా ఉండు. ఎప్పుడైనా నాతో మాట్లాడాలనిపిస్తే రాయి, లేకపోయినా నీ ఇష్టం.

బావని అడిగానని చెప్పు.

గాస్పార్

*

వలెన్సియా
20 మార్చి, సాయంత్రం

అక్కా,

పొద్దుటి ఉత్తరం డబ్బాలో వేసి వస్తుంటే కొంచా వీధిలోనే ఎదురొచ్చి నీ ఉత్తరం ఇచ్చింది. పాల్మాది. పదహారో తేదీనే వచ్చిందట. వీధికి అడ్డంగా మన ఫాల్యా ఉందని పోస్టుమేన్ ఇటు రాకుండా సందు చివర కొంచా వాళ్ల బొండాల బడ్డీలో పడేసి పోయాడు. అది గుమ్మడికాయ బొండాల హడావిడిలో పిండి బస్తామీద పెట్టి మర్చిపోయింది. కాగితం నిండా పిండే.

పదహారునాటికి బొమ్మ వీధిలోనే ఉంది. ఇరవై అడుగుల దూరంలో ఉంది.

కాగితం దులిపి మళ్లీ మొదటినుంచి చదువుతున్నాను.

గాస్పార్

*

మావో
4 ఏప్రిల్ 1972

గాస్పార్,

రెండు ఉత్తరాలూ ఒకే ఓడలో వచ్చాయి. నువ్వు మార్చి ఆరున రాసింది, పాల్మా నుంచి నేను ఇంటికొచ్చేసరికే బల్లమీద ఉంది. అది చదివినప్పుడే గడువు దాటి రెండు రోజులయింది. ఆలోచన లేకుండా పోస్టాఫీసుకి పరిగెత్తి టెలిగ్రామ్ ఫారం తీసుకున్నాను. ఏం రాయాలి? వెనక్కి తెచ్చేశావో లేదో తెలియదు. కాల్చవద్దు అని రాస్తే ఆపుతావనుకుని అదే రాశాను. గాలికి తీగలు తెగిపోయాయి, ఇరవై దాకా ఏదీ వెళ్లదన్నాడు గుమాస్తా. ఆ ఫారం నా పర్సులోనే ఉంది.

పందొమ్మిదో తేదీ బియెల్ నాకు పేరు రోజని కేకు తెచ్చాడు. తినలేకపోయాను. ఆ రాత్రి వసారాలో కూర్చున్నాను. ఇక్కణ్ణుంచి ఏమీ కనబడదని తెలుసు.

నీ ఉత్తరం చదివాక నాలుగు రోజులు ఏడ్చాను. ఇప్పుడు ఏడుపు అయిపోయింది కాబట్టి రాస్తున్నాను. కొంచాని ఏమీ అనకు. పిండి బస్తామీద పెట్టింది అది, కానీ నా మౌనానికి అర్థం నువ్వే చెప్పేసుకున్నావు. నన్నెవరూ అడగరు, నా బదులు అందరూ అనుకుంటారు. అమ్మ పోయినప్పుడు నేను నిన్ను పెంచుతానని అందరూ అనుకున్నారు. వర్క్‌షాపులో ముఖాలు నేనే వేస్తానని నువ్వు అనుకున్నావు. నేను బాధపడ్డానని కూడా నువ్వే అనుకున్నావు. చేసేటప్పుడు నన్నడగలేదు. కాల్చేటప్పుడూ నా జవాబు కోసం ఆగలేదు. రెండుసార్లూ ముఖం నాదే.

అయినా నువ్వు ఏం వదులుకున్నావో నాకు తెలియనిది కాదు. ఆ గోడమీద చీటీ సంగతి నాకొక్కదానికే చెప్పావు. నాకోసం దాన్ని తోపుడుబండిమీద వెనక్కి తోసుకొచ్చావు. ఇది తలుచుకున్నప్పుడల్లా నీమీద ప్రేమ పొంగుతుంది, వెంటనే నీ నెత్తిన ఒకటి మొట్టాలనిపిస్తుంది. రెండూ నీకు రావలసినవే.

బియెల్ ఉత్తరమంతా నాచేత చదివించుకున్నాడు. "బావ" దగ్గర ఆపమని రెండుసార్లు విన్నాడు. తర్వాత, "ఇంతకీ ఆ ఓడమీద నేనున్నానా?" అన్నాడు. లేడన్నాను. ఆయనకి చాలా కష్టమనిపించింది. పెళ్లికూతురు పరిగెత్తింది ఎవరికోసం, ఖాళీ ఓడకోసమా అని సాయంత్రం దాకా సణుగుతూనే ఉన్నాడు.

సెప్టెంబరులో, మీరు కొత్త చెక్క కొట్టడం మొదలుపెట్టే వారంలో వస్తాం. ఇద్దరం. పైకప్పు ఈలోగా బాగుచేయించు. పాస్కువాల్‌కి ఇప్పుడే చెప్పు, వచ్చే ఏడు వలల వీధి నుంచి లోంజాకి వెళ్లే బొమ్మ ఏదో నేను చెబుతానని. నువ్వు ఒళ్లు చెయ్యి, కాళ్లు చెయ్యి, ఓడ చెయ్యి, నీకు వచ్చినంత ఎగతాళి చెయ్యి. నేను ఎదురుగా కూర్చుంటాను, అవునో కాదో నేనే చెబుతాను. ముఖం మాత్రం ముట్టుకోవద్దు. అద్దం పెట్టుకుని నేనే వేసుకుంటాను.

ఆ తర్వాత అది మ్యూజియానికి పోవాలో మంటల్లోకి పోవాలో టిక్కెట్టు కొన్న జనం చెబుతారు. కాల్చాలని వాళ్లంటే కాలుద్దాం. నేను పక్కనే నిలబడి చూస్తాను.

ఫీనా